ఇంటి నేల: టైల్ ఎక్కడ, తివాచీ ఎక్కడ



సినిమాలో కథానాయకుడు మేడమెట్లు దిగి హాల్లోకి నడిచి వస్తాడు. థియేటర్లో వినిపించే ఆ అడుగుల చప్పుడు చాలాసార్లు షూటింగు నాటిది కాదు. తర్వాత ఎప్పుడో ఒక చిన్న గదిలో, తెర మీద బొమ్మను చూస్తూ ఒక కళాకారుడు తన పాదాలతో దాన్ని మళ్ళీ పుట్టిస్తాడు. ఈ పనిని ఫోలీ అంటారు. ఫోలీ గదిలో నేలంతా ఒకే తీరుగా ఉండదు. ఒక చోట గ్రానైటు, పక్కన టైల్, ఆ పక్కన చెక్క, ఇసుక, తివాచీ ముక్క. కళ్ళు మూసుకుని విన్నా నడక ఏ నేల మీదిదో చెవికి తెలిసిపోతుంది.

తెలుగు సినిమాకు కేంద్రమైన హైదరాబాద్‌లోని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో నేలతో జరిగే పని ఇదొక్కటే కాదు. స్టూడియోలో రాజభవనం సెట్టు వేస్తే ప్లైవుడ్ పరిచి, దాని మీద పాలరాయి బొమ్మ అచ్చేసిన వినైల్ షీటు అతికిస్తారు. కెమెరాకు అది పాలరాయే. షూటింగు అయిపోగానే చుట్ట చుట్టి పక్కన పెడతారు.

ఇంటి నేలకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి వేస్తే పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు దాని మీదే బతుకు. మార్చాలంటే సామానంతా ఇల్లు దాటించాలి, తలుపుల అడుగు కోయాలి, వారాల తరబడి దుమ్ములో మెలగాలి. అయినా చాలామంది షోరూంలో దీపాల కింద మెరిసే పలకను చూసి పది నిమిషాల్లో నిర్ణయం చేసేస్తున్నారు. హైదరాబాద్ లాంటి ఊళ్ళో నేలను ఎంచాల్సింది మెరుపును బట్టి కాదు. నీళ్ళు, దుమ్ము, ఆ ఇంట్లో నడిచే పాదాలు, ఈ మూడింటినీ బట్టి. శాశ్వతంగా ఉండే నేల టైల్‌దో రాయిదో కావాలి. తివాచీ అవసరమైన చోట, ఎత్తి దులిపి ఎండలో వేయగలిగేలా ఉండాలి. ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కంటికి కనిపించని చోట, అంటే టైల్ కింద జరిగే పని మీద.

నీళ్ళ సంగతితోనే మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో టోలిచౌకి వాళ్ళకు అది బాగా తెలుసు.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ మీద కుండపోతగా వాన కురిసింది. బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్లు నమోదైంది. టోలిచౌకిలోని నదీం కాలనీ పక్కనున్న షా హాతిం చెరువు పొంగి వీధులు మునిగాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి, కాలనీలో పడవలు తిరిగాయి. నీళ్ళు వెంటనే పోనూ లేదు.

అలాంటి నీరు ఇంట్లోకి వస్తే ఏ నేల ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోవాలి. గోడ నుంచి గోడ దాకా అతికించిన తివాచీ, దాని కింద మెత్తటి ఫోమ్ పొర నీళ్ళనూ బురదనూ పీల్చి పట్టుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లోపు పూర్తిగా ఆరకపోతే బూజు మొదలవుతుంది. నీళ్ళు మురుగుతో కలిసి వస్తే ఆ తివాచీని ఉతికి వాడుకునే ఆశ కూడా వదులుకోవాలి. చెక్కలా కనిపించే లామినేట్ పలకల లోపల నొక్కిన చెక్కపొడి ఉంటుంది. అది నీళ్ళకు ఉబ్బితే మళ్ళీ కిందికి దిగదు. పటిష్ఠంగా వేసిన విట్రిఫైడ్ టైల్‌ను మాత్రం బురద కడిగి, క్రిమిసంహారకంతో తుడిస్తే చాలావరకు పాత రూపానికి వస్తుంది. అందుకే చెరువుల కింద, పల్లపు కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్‌కు అతికించే తివాచీ గురించి ఆలోచించనే కూడదు. గోడ అడుగున వేసే టైల్ పట్టీని, అంటే స్కర్టింగ్‌ను కూడా మూడు నాలుగు అంగుళాలతో సరిపెట్టకుండా ఇంకాస్త ఎత్తు లేపితే గోడ అడుగు పెచ్చులూడకుండా ఉంటుంది.

జూబ్లీహిల్స్ గుట్టల మీది ఇళ్ళకు వరద భయం లేకపోయినా దుమ్ము భయం ఉంది. రోడ్లు తవ్వే పనులు, పక్క స్థలంలో లేచే అపార్టుమెంట్లు, వేసవి గాలి కలిసి రోజుకు రెండుసార్లు ఊడ్చినా మళ్ళీ పేరుకునేంత దుమ్ము తెస్తాయి. మన ఇళ్ళలో చెప్పులు గుమ్మం బయటే. లోపలంతా ఉత్తికాళ్ళ నడక. నేల చల్లగా ఉందో, గరుకుగా ఉందో, జిడ్డుగా ఉందో పాదానికి వెంటనే తెలుస్తుంది. తడిగుడ్డతో తుడవడం ఇక్కడ రోజువారీ పని. తుడవడానికి వీలులేని నేల ఏదైనా ఈ ఊరికి బరువే.

ఈ ప్రాంతానికి టైల్ కొత్తది కాదు. టోలిచౌకి నుంచి కూతవేటు దూరంలో కుతుబ్‌షాహీ సమాధులు ఉన్నాయి. ఈ రోజు అవి బూడిదరంగులో కనిపిస్తున్నా, కొన్నిటి గోడల మీద నీలం, ఆకుపచ్చ గాజు పూత పలకల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. 2013 నుంచి ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో సిమెంటును తొలగించి, పాత పద్ధతిలో సున్నపు పూత పూశారు. పాతబస్తీలోని మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో అయితే రంగు పలకల కూర్పు నేటికీ కళ్ళు చెదరగొడుతుంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో కట్టడం లేచింది, 1611 నాటికి పలకల పని పూర్తయింది. నాలుగు శతాబ్దాల తర్వాత కూడా ఆ నీలం, ఆ పసుపు వెలిసిపోలేదు. 1908 మూసీ వరదలో మాత్రం కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి. తర్వాత ఆ జాగాను రంగులతో నింపారు. గాజు పూతను కాలం చెరపలేకపోయింది. పలక వెనక చేరిన నీరు పలకను గోడ నుంచి వేరు చేయగలిగింది.

మామూలు ఇళ్ళ కథ వేరు. మట్టి అలికిన నేల తర్వాత సున్నపు గచ్చు వచ్చింది, ఆ తర్వాత బండలు వచ్చాయి. హైదరాబాద్ పాత వీధుల్లో షాబాద్ బండలో తాండూరు బండలో పరచని ఇల్లు అరుదు. తాండూరు వికారాబాద్ జిల్లాలోది, షాబాద్ పక్కనే కర్ణాటకలోది. కర్నూలు వైపు బేతంచెర్ల నాపరాళ్ళు, కడప వైపు నల్ల బండలు అలాగే ఊరూరా పరుచుకున్నాయి. ఆపైన ఇళ్ళలో రంగురాళ్ళ ముక్కలు కలిపి నేల మీదే పోసి మిషనుతో పాలిష్ పట్టే మొజాయిక్ వ్యాపించింది. తర్వాత గ్రానైటు వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్లని గెలాక్సీ గ్రానైటు ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. కరీంనగర్ గోధుమరంగు రాయికీ విదేశాల్లో పేరుంది.

ఈ రాళ్ళు ఇప్పటికీ మంచి ఎంపికే. వాటి స్వభావం మాత్రం తెలిసి ఉండాలి. పాలరాయి, తాండూరు బండ, కడప బండ సున్నపు జాతి రాళ్ళు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు పడి ఆలస్యమైతే మెరుపు తినేస్తాయి. బాత్రూం కడిగే యాసిడ్ చుక్క పడితే అక్కడ శాశ్వతంగా మచ్చ. గడపకు పసుపు రాసే ఇంట్లో, దేవుడి గది ముందు నూనె దీపం పెట్టే ఇంట్లో తెల్ల పాలరాయి పరిస్తే ఆ ఇల్లాలికి రోజూ ఆందోళనే. గ్రానైటు ఈ పులుపును తట్టుకుంటుంది. వంటింటి గట్టుకు అందరూ దాన్నే వేసుకోవడానికి కారణం అదే.

ఇక టైల్స్. మన దేశంలో అమ్ముడయ్యే టైల్స్‌లో పెద్ద వాటా గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. షోరూంలో వందల డిజైన్లు కనిపిస్తాయి కానీ కొనేవాళ్ళు అడగాల్సింది డిజైను పేరు కంటే ముందు ఒక సంఖ్య: ఈ టైల్ ఎంత నీళ్ళు పీలుస్తుంది? భారత ప్రమాణం ఐఎస్ 15622 టైల్స్‌ను ఆ లెక్కనే తరగతులు చేసింది. బరువులో 0.5 శాతం లోపు నీళ్ళు పీల్చేవి విట్రిఫైడ్ తరగతికి చెందుతాయి. మట్టి, ఫెల్డ్‌స్పార్, సిలికా కలిపిన పొడిని భారీ యంత్రంతో అదిమి, 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో కాలిస్తే ఆ గట్టిదనం వస్తుంది. 10 శాతం పైన పీల్చేవి గోడలకు పనికొచ్చే సిరామిక్ టైల్స్. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా, గోడ టైల్ నేల మీద వేస్తే బరువైన బీరువా కాలు కింద పగిలిపోతుంది.

విట్రిఫైడ్‌లోనూ రకాలున్నాయి. డబుల్ చార్జ్ రకంలో రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, ఏళ్ళ తరబడి నడిచినా అరగదు. గ్లేజ్డ్ విట్రిఫైడ్ రకంలో పాలరాయి, చెక్క లాంటి బొమ్మను అచ్చు వేసి పైన పల్చగా గాజు పూత వేస్తారు. అందం దీనిదే. ఇనుప వస్తువు పడి పూత లేస్తే మాత్రం కింది రంగు బయటపడుతుంది. పూత ఎంత రాపిడిని తట్టుకుంటుందో చెప్పడానికి పీఈఐ అనే కొలమానం ఉంది. అది 1 నుంచి 5 దాకా. ఇంటి హాలుకు 4 ఉంటే నిశ్చింత. పడకగదికి 3 సరిపోతుంది.

మరో సంఖ్య జారుడుకు సంబంధించింది. జర్మనీ వాళ్ళ పద్ధతిలో నూనె పోసిన టైల్ పలక మీద మనిషి బూట్లతో నడుస్తుండగా పలక వాలును మెల్లగా పెంచుతూ పోతారు. ఏ వాలు దగ్గర కాలు జారిందో చూసి ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తు ఇస్తారు. పొడిగా ఉండే గదులకు ఆర్9 చాలు. బాత్రూంకు, బాల్కనీకి, బట్టలుతికే చోటికి ఆర్10కు తగ్గకూడదు, ఆర్11 ఇంకా మేలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఒక్క విషయంలో రాజీ అసలు కూడదు. తడి బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న అమ్మమ్మలు, తాతయ్యలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అద్దంలా మెరిసే టైల్ బాత్రూంలో వేయడమంటే ఆ ప్రమాదాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడమే. షోరూంలో చిన్న పరీక్ష చేయవచ్చు: నమూనా పలకను నేల మీద పెట్టమని అడిగి, దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, చెప్పులు విప్పి అరికాలితో రాసి చూడాలి. మంచి దుకాణదారు ఎవరూ కాదనరు.

సైజుల విషయంలో ఇప్పుడు పెద్దవాటి మోజు ఉంది. రెండడుగులకు రెండడుగుల టైల్ స్థానంలో రెండుకు నాలుగు, అంతకంటే పెద్దవీ వస్తున్నాయి. హాలు విశాలంగా కనిపిస్తుంది, జాయింట్లు తగ్గుతాయి. అయితే పొడుగు టైల్ కాలేటప్పుడు మధ్యలో వెంట్రుకవాసి వంగడం సహజం. ఇటుకల వరుసలా ఒకదాని సగం దగ్గర ఇంకోటి పెడితే ఒకదాని ఎత్తైన మధ్యభాగం పక్కదాని అంచుకు వచ్చి కాలికి తగులుతుంది. అలా వేయించాలని ముచ్చటగా ఉంటే సగానికి బదులు మూడో వంతు జరిపి వేయాలి. చిన్న బాత్రూంలో మాత్రం పెద్ద టైల్స్ మంచివి కావు. నీళ్ళ వాటం నాలుగు వైపుల నుంచీ నీళ్ళు పోయే జాలీ దాకా దిగాలంటే చిన్న పలకలే వంపు తిరుగుతాయి.

వేయడం దగ్గరికి వస్తే అసలు కథ ఇక్కడే ఉంది.

పాత మేస్త్రీలు ఇసుక, సిమెంటు మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి, రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టేవారు. తాండూరు బండకు, మొజాయిక్ పలకకు అది చక్కగా సరిపోయింది. ఆ రాళ్ళు సిమెంటు పాలను కొంత తాగి పట్టు తెచ్చుకుంటాయి. విట్రిఫైడ్ టైల్‌కు దాహమే లేదు. వెనక భాగం గాజుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సిమెంటు పాలు దాన్ని పట్టుకోలేవు. నాలుగైదేళ్ళు గడిచాక ఒక మండుటెండ రోజునో చలికాలపు తెల్లవారుజామునో టప్‌మని చప్పుడై, హాలు మధ్యలో రెండు టైల్స్ పైకి లేచి గుడారంలా నిలబడతాయి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఈ అనుభవం చాలామందికి కొత్త కాదు. ఇంటివాళ్ళు టైల్ కంపెనీని నిందిస్తారు. తప్పు సాధారణంగా కింద పట్టు లేకపోవడంలోనూ, చుట్టూ ఖాళీ వదలకపోవడంలోనూ ఉంటుంది. స్లాబు కుంచించుకుంటుంది, టైల్ వేడికి పెరుగుతుంది. కదలడానికి జాగా లేనప్పుడు పైకి లేవడం తప్ప దానికి వేరే దారి లేదు.

దీనికి మందు మూడు పనుల్లో ఉంది. మొదటిది టైల్ అడెసివ్, అంటే టైల్‌ను అతికించే జిగురు. దీనికి ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది, అందులో ఐదు రకాలున్నాయి. సంచి మీద ఆ గుర్తూ రకమూ చూసి, తాము కొన్న టైల్‌కు, వేసే చోటుకు ఏ రకం సరిపోతుందో అడిగి తీసుకోవాలి. రెండోది, ఆ అడెసివ్‌ను పళ్ళున్న తాపీతో ఒకే దిక్కుగా గీతలు పడేట్టు పరచాలి. పెద్ద టైల్ అయితే వెనక కూడా పల్చగా పూయాలి. టైల్‌కు నాలుగు మూలలా ఒక్కో ముద్ద, మధ్యన ఒక ముద్ద పెట్టి నొక్కేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పని త్వరగా అవుతుంది కానీ ముద్దల మధ్య డొల్ల మిగులుతుంది. ఆ డొల్ల మీద గ్యాస్ సిలిండర్ పడితే టైల్ పగలడం ఖాయం. మూడోది, టైల్‌కూ టైల్‌కూ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టడం, గోడల వెంబడి ఐదు నుంచి పది మిల్లీమీటర్లు వదిలేయడం. ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. జాయింట్ అసలు కనపడకూడదని పట్టుబట్టే ఇంటి యజమానులు, తెలియకుండానే ఆ గుడారానికి తామే ఏర్పాటు చేసుకుంటున్నారు.

పని జరుగుతుండగా ఒక టైల్‌ను వేసిన వెంటనే ఎత్తి చూపించమని మేస్త్రీని అడగవచ్చు. వెనక భాగమంతా అడెసివ్ అంటుకుని ఉంటే పని సరైనదే. సగం పొడిగా ఉంటే అక్కడే ఆపి మాట్లాడాలి. మర్యాదగా, పక్కన కూర్చుని అడిగితే మంచి మేస్త్రీ సంతోషంగా చూపిస్తాడు. పని తెలిసిన యజమాని దగ్గర పనిచేయడం అతనికీ గౌరవమే. ఎండాకాలంలో కలిపిన అడెసివ్ త్వరగా పొర కడుతుంది. అందుకే కొంచెం కొంచెంగా కలపాలి, గట్టిపడిన దాంట్లో మళ్ళీ నీళ్ళు పోసి తిప్పకూడదు. వేశాక కనీసం 24 గంటలు ఎవరూ నడవకూడదు.

బాత్రూంలో టైల్ కంటే ముందు వాటర్‌ప్రూఫింగ్. పూత వేశాక జాలీ మూసి, రెండు అంగుళాల నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచాలి. కింది ఇంటి సీలింగు తడవకపోతేనే టైల్ మొదలుపెట్టాలి. వాటం నాలుగు అడుగులకు ఒక అంగుళం చొప్పున దిగాలి. బాత్రూం నేల హాలు నేల కంటే కొంత కిందుగా ఉండాలి. జాయింట్లలో బాత్రూంకు, వంటింటికి ఎపాక్సీ గ్రౌట్ వేస్తే నూనె, పసుపు, సబ్బు మురికి లోపలికి దిగవు. అది మామూలు గ్రౌట్ కంటే ఖరీదు, వేయడానికి ఓపిక కావాలి, ఆరేలోపే తుడిచేయాలి.

టోలిచౌకి, మెహిదీపట్నం వైపు పాత ఇళ్ళలో మొజాయిక్ నేలను పగలగొట్టకుండా దాని మీదే టైల్ వేయించుకునేవాళ్ళు ఉన్నారు. దుమ్ము, చప్పుడు, చెత్త తరలింపు తప్పుతాయి. ఇది చేయదగ్గ పనే, అయితే పాత నేల ఎక్కడా డొల్లగా ఉండకూడదు. జిడ్డు, పాలిష్ గీరేయాలి. పాత నేల మీద పట్టు నిలిచే తగిన రకం అడెసివ్ వాడాలి. తొమ్మిది మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్ చదరపు మీటరుకు దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఈ బరువు, పెరిగే ఎత్తు రెండూ లెక్కలోకి రావాలి. తలుపులు అడుగున కోయాల్సి వస్తుంది. బాత్రూం గడప కంటే హాలు ఎత్తు పెరిగి చిన్న మెట్టు ఏర్పడుతుంది. పెద్దవాళ్ళు తట్టుకుని పడేది అక్కడే.

టైల్ గురించి ఇంత చెప్పాక, తివాచీ ఈ ఇళ్ళకు పనికిరాదా అని ఎవరైనా అడగవచ్చు. పనికొస్తుంది. దాని చోటు దానికుంది.

టోలిచౌకిలో మందీ అనే అరబ్బు వంటకం వడ్డించే హోటళ్ళకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. తివాచీ పరిచిన నేల, గోడవార దిండ్లు, మధ్యలో పెద్ద పళ్ళెం, చుట్టూ కుటుంబమంతా. పారమౌంట్ కాలనీ చుట్టుపక్కల యెమెన్, సోమాలియా, సూడాన్ లాంటి దేశాల నుంచి చదువుకో వైద్యానికో వచ్చిన కుటుంబాలు చాలాకాలంగా ఉంటున్నాయి. అతిథిని నేల మీదే ఆదరించే పద్ధతి వాళ్ళది, దక్కనీ ఇళ్ళదీ. తెలుగు ఇళ్ళలోనూ వ్రతానికి పేరంటాళ్ళు వస్తే, హరికథ జరిగితే పరిచేది జంపఖానే. వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. తివాచీ పరుస్తారు, పని అయ్యాక ఎత్తి దులుపుతారు, ఎండలో వేస్తారు. ఈ వాతావరణంలో తివాచీ బతికే తీరు అదే.

ఈ అవసరానికి తగ్గ వస్తువు మన దగ్గరే తయారవుతోంది. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్ళాయి. ఏలూరు ఉన్ని తివాచీలకూ పాత పేరు ఉంది. వరంగల్‌లోని కొత్తవాడ నేతగాళ్ళు నేసే నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. వీటికి దట్టమైన ఉన్ని జూలు ఉండదు. పడుగు, పేక రెండూ బిగువుగా అల్లుకుంటాయి. అందువల్ల దుమ్ము లోతుకు దిగదు, తడిసినా తొందరగా ఆరుతుంది, రెండు వైపులా తిప్పి వాడుకోవచ్చు. విట్రిఫైడ్ టైల్ మీద పరిచేటప్పుడు కింద రబ్బరు జాలీ వేస్తే జారదు. హాల్లో సోఫా ముందు వేయాలంటే, సోఫా ముందు కాళ్ళు దాని మీదికి వచ్చేంత వెడల్పు ఉంటేనే కుదురుగా ఉంటుంది. గది కొలిచి ఆ సైజుకు నేయించుకుంటే నేతగాడికి నేరుగా పని దొరుకుతుంది.

గోడ నుంచి గోడ దాకా తివాచీ నిజంగా అవసరమయ్యే గది ఒకటుంది. ఇంట్లో సినిమా చూసే గది. జూబ్లీహిల్స్ ఇళ్ళలో హోం థియేటర్లు పెరిగాయి. టైల్ నేల, గాజు కిటికీ ఉన్న గదిలో మాట గోడలకు తగిలి తిరిగి వచ్చి, సంభాషణ మసకబారుతుంది. తివాచీ, దాని కింది మెత్తటి పొర పై స్థాయి శబ్దాలను పీల్చుకుంటాయి. డబ్బింగ్ గదుల్లో నేల మీద తివాచీ కనిపించడానికి కారణం ఇదే. డోలు, బాంబు లాంటి లోతైన శబ్దాలను మాత్రం తివాచీ ఆపలేదు. వాటికి గోడల్లో, మూలల్లో వేరే ఏర్పాటు కావాలి. పై అంతస్తులో పిల్లల ఆటల గది ఉంటే, కింది ఇంటివాళ్ళ ప్రశాంతత కోసమూ తివాచీ మంచిదే.

వేయించేముందు నేల పొడిగా ఉందో లేదో చూడాలి. ఒక గజం పాలిథిన్ షీటును నేల మీద పరిచి నాలుగు అంచులా టేపు అతికించి, మర్నాడు తీసి చూస్తే చాలు. లోపలి వైపు తేమ చుక్కలు కనిపిస్తే ఆ నేల ఇంకా ఆరలేదన్నమాట. తివాచీ చుట్టలు సాధారణంగా 12 అడుగులు, నాలుగు మీటర్ల వెడల్పుల్లో వస్తాయి. గది అంతకంటే వెడల్పైతే అతుకు తప్పదు. అతుకు ఎక్కడ వస్తుందో ముందే గీసి చూసుకుని, గుమ్మం దగ్గర నడక పడే చోట రాకుండా జరపాలి. రెండు ముక్కల జూలూ ఒకే దిక్కుకు వాలాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ వాలితే ఒకే రంగు రెండు రంగుల్లా కనిపిస్తుంది. గోడల వెంబడి ముళ్ళ పట్టీలు కొట్టి, తివాచీని లాగి వాటికి తగిలిస్తే ముడతలు రావు. నేలకు మొత్తం జిగురు పూసి అతికిస్తే తీసేటప్పుడు నేలే పాడవుతుంది. అంత పని వద్దనుకుంటే అర మీటరు చదరాలుగా వచ్చే కార్పెట్ టైల్స్ ఉన్నాయి. టీ ఒలికితే ఆ ఒక్క చదరాన్ని తీసి మార్చవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్ళు, పాకే పిల్లలు ఉన్న గదిలో జూలు తివాచీ పెట్టకపోవడం మంచిది. ధూళి పురుగులు తేమగా ఉండే దట్టమైన నూలులో, ఉన్నిలో చేరతాయి.

చివరగా కొలతల లెక్క. 12 అడుగులకు 15 అడుగుల గది అంటే 180 చదరపు అడుగులు. కోతలకు, పగుళ్ళకు పది శాతం కలిపితే 198. రెండుకు నాలుగు టైల్స్ రెండు ఉండే పెట్టెలో దాదాపు 15.5 చదరపు అడుగులు వస్తాయి. అంటే 13 పెట్టెలు. దాచుకోవడానికి ఇంకొకటి కలిపి 14. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉండాలి. అదే డిజైను రెండోసారి కాలిస్తే రంగు రవ్వంత తేడా వస్తుంది, పక్కపక్కన వేసినప్పుడు ఆ తేడా కంటికి తగులుతుంది. పెట్టెలు ఇంటికి దిగిన రోజే నంబర్లు సరిచూసుకోవాలి. నాలుగైదు పెట్టెల్లోంచి టైల్స్ కలిపి వేయమని మేస్త్రీకి చెప్పాలి.

పని ముగిశాక, ఆఖరి చెల్లింపుకు ముందు గదిలో ఫ్యాన్లు ఆపి, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక రూపాయి బిళ్ళతో ప్రతి టైల్‌నూ మూలల్లో, మధ్యలో తట్టాలి. గట్టి చప్పుడు వస్తే పట్టు ఉంది. డొల్ల చప్పుడు వచ్చిన దాని మీద సుద్దతో గుర్తు పెట్టి, మేస్త్రీతో తీయించి మళ్ళీ వేయించాలి. బాత్రూంలో బకెట్ నీళ్ళు కుమ్మరించి ఏ మూలైనా నిలుస్తాయేమో చూడాలి. గుమ్మాల దగ్గర అరికాలితో అంచులు తడమాలి. ఆ తర్వాత బ్యాచ్ నంబరు, గ్రౌట్ రంగు, అడెసివ్ రకం, నేల కింద పైపులు వెళ్ళిన దారి ఒక కాగితం మీద రాసి, మిగిలిన టైల్ పెట్టెలోనే ఉంచి అటక మీద పెట్టాలి. పదేళ్ళ తర్వాత బాత్రూం పైపు పగిలి నేల తవ్వాల్సి వస్తే, వచ్చే కొత్త మేస్త్రీకి ముందుగా కావలసింది ఆ కాగితమూ ఆ పెట్టే.